గాలి లెక్క, పెట్రోలు కొలత

పెట్రోలు కారు ఇంజిను ఎంత గాలిని లోపలికి తీసుకుంటున్నదో లెక్కగట్టి, ఆ గాలికి సరిపడే పెట్రోలును మాత్రమే చిమ్మించే పనిని నేడు ఒక చిన్న కంప్యూటరు చేస్తున్నది. మెకానిక్‌లు ఈసీయూ, ఈసీఎం అని పిలిచే ఈ పెట్టె ఆ లెక్కను ప్రతిసారీ మొదటి నుంచి వేయదు. తన జ్ఞాపకంలో ముందే రాసిపెట్టిన అంకెల పట్టికలను చూసుకుని, వాటికి అప్పటికప్పుడు కొన్ని సవరణలు చేసి నిర్ణయం తీసుకుంటుంది. ఆ పట్టికలలోని అంకెలను ఇంజిను నిజస్థితికి సరిపోయేటట్లు దిద్దడాన్నే ట్యూనింగ్ అనీ, మ్యాపింగ్ అనీ అంటున్నారు. నిర్మల్ జిల్లా ఖానాపూర్ వంటి ఊళ్లో నడిచే కారు ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి చక్కగా అనుకూలిస్తుంది; ఎందుకంటే అక్కడ మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజాములలో అదే ప్రాంతంలో ఉష్ణోగ్రత పది డిగ్రీల కంటే కిందికి పడిపోతుంది, గోదావరి ఒడ్డు మైదానం నుంచి ఉట్నూరు వైపు అడవిలోకి దారి ఎక్కుతుంది, నిర్మల్ దాటి ఆదిలాబాద్ వెళ్లే వాహనానికి మహబూబ్ ఘాట్ ఎదురవుతుంది, పైగా బంకులో పోసే పెట్రోలు కూర్పే గత కొన్నేళ్లలో మారిపోయింది. ఎక్కడో పరీక్షాశాలలో రాసిన పట్టిక ఇన్ని మార్పులను ఎట్లా తట్టుకుంటున్నదన్నదే ఇక్కడి ప్రశ్న.

పట్టికలు రాకముందు ఈ పని కార్బ్యురేటరు చేసేది. లోపలికి పోయే గాలి ఒక ఇరుకు గొంతు గుండా వేగంగా సాగినప్పుడు అక్కడ పీడనం తగ్గి, ఆ తగ్గుదల పెట్రోలును సన్నని రంధ్రం నుంచి పైకి లాగేది. రంధ్రం సైజే కొలత, స్క్రూ తిప్పడమే ట్యూనింగ్. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 చాలా ఏళ్ల పాటు ఈ పద్ధతిలోనే నడిచింది, చలికాలం పొద్దున చోక్ లాగితే తప్ప కదలని ఆ బండిని వాడినవారు ఇప్పటికీ ఉన్నారు. ప్రపంచంలో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ అంతకు ముందే వచ్చింది. జర్మనీకి చెందిన బాష్ సంస్థ డీ-జెట్రానిక్ అనే వ్యవస్థను 1967లో ఫోక్స్‌వాగన్ కారులో అమర్చింది. మన దేశంలో దాన్ని ఇంటింటికీ చేర్చినవి కాలుష్య నిబంధనలు. కార్లలో కార్బ్యురేటరు 2000 తరువాత కొద్ది ఏళ్లలోనే కనుమరుగైంది. 2020 ఏప్రిల్ 1న దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి రావడంతో మోటారు సైకిళ్లు కూడా దాదాపు అన్నీ ఇంజెక్టరుకు మారాయి. స్క్రూడ్రైవరుతో, చెవితో సాగిన విద్య ఆ విధంగా అంకెల విద్యగా మారిందన్నమాట. పాత మెకానిక్‌లు దీన్ని నష్టంగా చెప్పుకుంటారు గాని, కార్బ్యురేటరు ఎంత గొప్పగా సవరించినా మే నెలకూ డిసెంబరుకూ ఒకే రంధ్రంతో న్యాయం చేయలేకపోయేదన్నది నిజం.

పట్టిక అంటే ఏమిటో గ్రహించడానికి ఖానాపూర్ పొరుగునే ఉన్న కడెం జలాశయం పనికివస్తుంది. నీటిమట్టం 700 అడుగులకు చేరితే జలాశయం నిండినట్లనీ, అప్పుడు అందులో 7.6 టీఎంసీల నీరు ఉన్నట్లనీ వానాకాలంలో పత్రికలు ఏళ్ల తరబడి రాస్తూ వచ్చాయి. ఆ నీటిని ఎవరూ కొలిచి చూడరు, ముందుగా సర్వే చేసి తయారుచేసుకున్న మట్టం-నిల్వ పట్టికలో ఆ మట్టానికి ఎదురుగా ఉన్న అంకెను చదివి చెబుతారు, మట్టం రెండు వరుసల నడుమ ఉంటే ఆ రెంటి మధ్య విలువను లెక్కగట్టుకుంటారు. ఏళ్ల తరబడి పూడిక చేరితే పట్టిక మాత్రం పాత నిల్వనే చెబుతూ ఉంటుంది. ఇంజిను కంప్యూటరు కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది. ఒక వైపు ఇంజిను నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య, అంటే ఆర్‌పీఎం, మరొక వైపు గాలి గొట్టంలోని పీడనం. ఈ రెండూ కలిసే గడిలో ఒక శాతం రాసి ఉంటుంది. గడులు ఒక్కో దిక్కున పదహారేసి చొప్పున ఉంటే మొత్తం 256 అవుతాయి. ఇంజిను రెండు గడుల నడుమ ఎక్కడ నడిచినా చుట్టూ ఉన్న నాలుగు అంకెల నుంచి మధ్య విలువను కంప్యూటరు తీసుకుంటుంది.

ఆ గడిలో రాసిన శాతం దేనికి సంబంధించినదన్నది ఈ విషయమంతటికీ మూలం. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండరులో ఏర్పడే ఖాళీ అంతా గాలితో నిండుతుందని అనుకోవడం సహజమే అయినా వాస్తవంలో అట్లా జరగదు. వాల్వు తెరుచుకుని ఉండే సమయం కొద్ది మిల్లీసెకన్లే కాబట్టి, గొట్టాలలో రాపిడి ఉంటుంది కాబట్టి, కిందటిసారి మండిన పొగ కొంత లోపలే మిగిలిపోతుంది కాబట్టి నింపుదల ఎప్పుడూ కొంత తక్కువే. గాలి గొట్టంలో ఉన్న పీడనం ప్రకారం పట్టవలసిన గాలిలో నిజంగా పట్టినది ఎంత శాతమో చెప్పే అంకెను వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ అంటారు, మెకానిక్‌ల మాటలో వీఈ. ఇది ఇంజిను ఊపిరి కొలత. నిదానంగా తిరిగేటప్పుడు ఇది తక్కువగా ఉండి, నడిమి వేగంలో పెరిగి, బాగా రేసు ఇచ్చినప్పుడు మళ్లీ తగ్గుతుంది. గొట్టాల పొడవును బట్టి గాలిలో పుట్టే అలలు వాల్వు తెరుచుకునే క్షణానికి చేరుకుంటే నింపుదల పెరుగుతుంది, తప్పిపోతే తగ్గుతుంది. అందువల్ల ఈ పట్టికను గీసి చూస్తే నున్నని వాలులా కాకుండా అక్కడక్కడ గుట్టలూ గుంటలూ కనిపిస్తాయి. ఇంజిను అన్నిటికంటే బాగా లాగే వేగమూ, ఈ శాతం శిఖరానికి చేరే వేగమూ దాదాపు ఒకటే కావడానికి కారణం ఇదే.

లెక్క ఎట్లా సాగుతుందో ఒక్కసారి దగ్గర నుంచి చూడవలసిందే. మన దేశంలో చిన్న కారుకు పన్ను రాయితీ 1,200 సీసీ దగ్గర ఆగిపోతుంది కనుక 1,197 సీసీ ఇంజిన్లు రోడ్ల మీద ఎక్కువగా కనిపిస్తాయి. నాలుగు సిలిండర్లలో ఒక్కొక్కటి 299 సీసీ అన్నమాట. గది ఉష్ణోగ్రత అయిన 25 డిగ్రీల వద్ద, 100 కిలోపాస్కల్‌ల పీడనంలో లీటరు గాలి సుమారు 1.17 గ్రాములు తూగుతుంది, కాబట్టి నిండుగా పట్టితే సిలిండరులో 0.35 గ్రాముల గాలి ఉంటుంది. కారు 3,000 ఆర్‌పీఎం వద్ద మామూలుగా సాగిపోతున్నదనీ, యాక్సిలరేటరు సగం నొక్కినందువల్ల గాలి గొట్టంలో పీడనం 60 కిలోపాస్కల్‌లే ఉన్నదనీ అనుకుంటే ఆ గాలి 0.21 గ్రాములకు తగ్గుతుంది. ఆ గడిలో 80 శాతం అని రాసి ఉంటే చివరకు లోపలికి వచ్చేది 0.168 గ్రాములు, అంటే 168 మిల్లీగ్రాములు. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి కావాలి కాబట్టి అవసరమైన పెట్రోలు 11.4 మిల్లీగ్రాములు, ఘనపరిమాణంలో పదిహేనున్నర ఘన మిల్లీమీటర్లకు కొంచెం లోపు. నిమిషానికి 150 సీసీ చిమ్మగల ఇంజెక్టరు ఒక మిల్లీసెకనులో రెండున్నర ఘన మిల్లీమీటర్లు వదులుతుంది, కనుక అది 6.2 మిల్లీసెకన్లు తెరిచి ఉండాలి. కరెంటు అందిన క్షణం నుంచి సూది లేచేదాకా సుమారు ఒక మిల్లీసెకను వృథా అవుతుంది కాబట్టి ఆజ్ఞ 7.2 మిల్లీసెకన్లకు ఇవ్వాలి. ఈ వేగంలో ఒక్కో సిలిండరుకు 40 మిల్లీసెకన్లకు ఒకసారి వంతు వస్తుంది. అంతలో ఈ లెక్కంతా పూర్తికావాలి.

ఈ వరుసలో ఏ అంకె తప్పినా చివరి ఫలితం తప్పుతుంది. బ్యాటరీ బలహీనపడితే ఇంజెక్టరు సూది లేవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. అందుకని వోల్టేజిని బట్టి ఆ వృథా సమయాన్ని మార్చే చిన్న పట్టిక మరొకటి ఉంటుంది. గాలి వేడెక్కితే పలుచబడుతుంది; 45 డిగ్రీల గాలితో పోలిస్తే 10 డిగ్రీల గాలి అదే పీడనంలో 12 శాతం ఎక్కువ బరువు తూగుతుంది. గాలి ఉష్ణోగ్రతను చూసే సెన్సారు ఈ తేడాను కంప్యూటరుకు చెబుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు గాలి పీడనం తగ్గడం కూడా ఇదే లెక్కలో కలిసిపోతుంది, కాని ప్రతి వంద మీటర్ల ఎత్తుకు తేడా సుమారు ఒక్క శాతమే. ఆదిలాబాద్ కొండలకు అది పెద్ద సంగతి కాదు, హిమాలయాల దారులకైతే పెద్దదే. ఉత్తర తెలంగాణలో బండి మధ్యాహ్నం మెత్తబడినట్లు అనిపిస్తే ఎత్తు కంటే ఎండనే ముందుగా అనుమానించాలి.

గాలి పీడనాన్ని చూసి బరువును ఊహించే ఈ పద్ధతిని స్పీడ్-డెన్సిటీ అంటారు. మరికొన్ని కార్లలో ఎయిర్ ఫిల్టరు వెనుకనే సన్నని వేడి తీగను అమర్చి, దాన్ని గాలి ఎంత చల్లబరుస్తున్నదో చూసి గాలి బరువును నేరుగా కొలుస్తారు. దాన్ని మాస్ ఎయిర్ ఫ్లో సెన్సారు అంటారు. రెండో దానిలో ఊపిరి శాతాల పట్టిక మీద ఆధారపడటం తక్కువ, కాని తీగ మీద దుమ్ము పేరుకుంటే కొలతే అబద్ధమవుతుంది. ఎర్రమట్టి దారుల్లో, పత్తి, వడ్ల లోడ్ల వెనుక నడిచే బండ్లకు ఈ దుమ్ము కథ బాగా తెలుసు.

పట్టిక ఎంత జాగ్రత్తగా రాసినా కొంత తప్పు మిగులుతుందని తయారీదారులకు తెలుసు, అందుకే వారు సైలెన్సరు దారిలో ఒక సాక్షిని నిలబెట్టారు. ఆక్సిజన్ సెన్సారు, లేదా లాంబ్డా సెన్సారు అని పిలిచే ఈ పరికరాన్ని బాష్ 1976లో వోల్వో కార్ల కోసం మొదట అందించింది. పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటే, అంటే పెట్రోలు చాలకపోతే, ఇది 0.1 వోల్టు దగ్గర ఉండిపోతుంది; పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టు దగ్గరికి ఎగబాకుతుంది. కంప్యూటరు ఈ రెండింటి నడుమ సెకనుకు ఒకటి రెండు సార్లు అటూ ఇటూ ఊగుతూ, సగటున సరిగ్గా మధ్యలో ఉండేటట్లు పెట్రోలును సవరిస్తుంది. ఆ క్షణానికి చేసే సవరణను షార్ట్ టర్మ్ ట్రిమ్ అనీ, అది చాలాసేపు ఒకే దిక్కున ఉంటే జ్ఞాపకంలో రాసుకునే సవరణను లాంగ్ టర్మ్ ట్రిమ్ అనీ అంటారు. స్కానరు పెడితే ఈ శాతాలు కనిపిస్తాయి. పట్టికలో 80 అని రాసిన చోట ఇంజిను నిజంగా 84 శాతం పీల్చుకుంటుంటే, గడిలో 80 అట్లాగే ఉంటుంది, పక్కన ఐదు శాతం కలపాలన్న సవరణ చేరుతుంది. బ్యాటరీ తీసి పెడితే బండి బాగవుతుందన్న నమ్మకం ఇక్కడి నుంచే పుట్టింది. చాలా కార్లలో బ్యాటరీ తీయగానే నేర్చుకున్న సవరణలు చెరిగిపోతాయి, రోగం ఎక్కడో అక్కడే ఉంటుంది, నాలుగు రోజులలో అవే సవరణలు మళ్లీ పుట్టుకొస్తాయి.

ఈ సవరణ శక్తికి ఇటీవల వచ్చిన అసలైన పరీక్ష ఇథనాల్. చెరకు, మొక్కజొన్న, బియ్యం నూకల నుంచి తీసే ఈ సారాను పెట్రోలులో కలపడం దేశంలో పాతదే అయినా, సగటు మిశ్రమం పది శాతానికి చేరింది 2022లో. 20 శాతం కలిపిన ఈ20 పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది, 2030 నాటికి చేరాలనుకున్న 20 శాతం లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే చేరుకున్నారు. నిర్మల్ జిల్లా ప్రజలకు ఇథనాల్ అన్న మాట మరొక కారణంగా కూడా పరిచయం. దిలావర్‌పూర్ మండలంలో తలపెట్టిన ఇథనాల్ కర్మాగారానికి వ్యతిరేకంగా 2024 నవంబరులో గ్రామస్తులు రోడ్డెక్కగా పనులు నిలిపివేయవలసి వచ్చింది. నీరు, పొలం, వాసనల గురించి సాగిన ఆ గొడవ వేరు. పెట్రోలు ట్యాంకులోకి చేరిన ఇథనాల్ చేసే పని వేరు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే కలిసి ఉంటుంది కాబట్టి అది మండడానికి తన బరువుకు తొమ్మిది వంతుల గాలి చాలు, పెట్రోలుకైతే 14.7 వంతులు కావాలి. ఈ20లో ఈ నిష్పత్తి సుమారు 13.5 దగ్గర తేలుతుంది. పైన వేసిన లెక్కలోని 168 మిల్లీగ్రాముల గాలికి అప్పుడు 11.4 బదులు 12.4 మిల్లీగ్రాముల ఇంధనం కావాలి, ఇంజెక్టరు 6.2 బదులు 6.6 మిల్లీసెకన్లు తెరిచి ఉండాలి. అచ్చమైన పెట్రోలును ఊహించి రాసిన పట్టిక అయితే లాంగ్ టర్మ్ ట్రిమ్ ఏడెనిమిది శాతం దాకా పైకి పోతుంది. పది శాతం మిశ్రమానికి రాసిన పట్టిక అయితే అందులో సగం.

అంటే పాత కారు కూడా ఈ20తో నడుస్తుంది, కంప్యూటరు ఆ మేరకు సర్దుకుంటుంది. కాని సర్దుకోవడం ఒకటి, మైలేజీ మరొకటి. లీటరు ఇథనాల్‌లో లీటరు పెట్రోలులో ఉన్న శక్తిలో మూడింట రెండు వంతులే ఉంటుంది, దాన్ని ఏ పట్టికా పెంచలేదు. నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన నిపుణుల సంఘం నివేదిక, అచ్చ పెట్రోలుకు రూపొందించి పది శాతం మిశ్రమానికి సవరించిన కార్లలో ఈ20 వల్ల మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని అంచనా వేసింది. ఇరవై శాతానికే సవరించిన కార్లలో ఆ తగ్గుదల ఒకటి రెండు శాతమే. ఈ తేడా ఎక్కడ నుంచి వచ్చిందంటే, ఇథనాల్ ఆక్టేన్ సంఖ్య 108 దాకా ఉండటం వల్ల ఇంధనం నాకింగ్, అంటే వేళ కాని వేళ తనంతట తానే పేలి మండడం, లేకుండా ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంటుంది, నిప్పురవ్వను ముందుగా రాజేయవచ్చు. ఆ లాభాన్ని అందుకోవాలంటే రవ్వను ఎప్పుడు రాజేయాలో చెప్పే వేరే పట్టికను, అంటే నిప్పురవ్వ పట్టికను, మార్చి రాయాలి. ఆక్సిజన్ సెన్సారు సాక్ష్యం పెట్రోలు పట్టికకు సవరణ చేర్చగలదు గాని నిప్పురవ్వ పట్టికను దిద్దలేదు. ఇథనాల్ మీద సాగిన వాదోపవాదాలలో ఈ సన్నని విషయం దాదాపు ఎక్కడా వినబడకపోవడం విచిత్రం.

సెన్సారు సాక్ష్యం పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. ఘాట్ మీద లోడుతో యాక్సిలరేటరు పూర్తిగా నొక్కినప్పుడు చాలా కార్లలో కంప్యూటరు ఆ సెన్సారు మాట వినడం మానేసి, ఒక వంతు పెట్రోలుకు 12.5 నుంచి 13 వంతుల గాలే ఉండేటట్లు పెట్రోలును కావాలనే ఎక్కువ చేస్తుంది. ఆ అదనపు పెట్రోలు ఆవిరవుతూ సిలిండరును కొంత చల్లబరుస్తుంది, లాగుడు కూడా కొద్దిగా పెరుగుతుంది. మామూలు సెన్సారు పెట్రోలు ఎక్కువా తక్కువా అని మాత్రమే చెబుతుంది గాని ఎంత ఎక్కువో చెప్పలేదు కనుక అక్కడ పట్టికలోని అంకెలే దిక్కు. అట్లాగే స్టార్టు చేసిన తొలి క్షణాలలో సెన్సారు ఇంకా వేడెక్కి ఉండదు, అది పనిచేయడానికి కనీసం మూడు వందల డిగ్రీలకు చేరాలి. ఒక్కసారిగా రేసు ఇచ్చినప్పుడు మరొక చిక్కు వస్తుంది. చిమ్మిన పెట్రోలులో కొంత గాలి గొట్టం గోడలకు తడిలా అంటుకుని ఆలస్యంగా లోపలికి చేరుతుంది, ఆ లోటును పూడ్చడానికి ఒక క్షణం పాటు అదనంగా చిమ్మాలి. తొక్కగానే బండి తడబడి ఆపైన అందుకుంటే ఆ అదనపు చిమ్ముడును నిర్ణయించే చిన్న పట్టికను గాని, చెత్తతో పూడిన ఇంజెక్టరును గాని చూడవలసి ఉంటుంది.

అసలు విషయం ఇక్కడ చెప్పవలసి ఉన్నది. ఉత్తర తెలంగాణలో కారు యజమాని గ్యారేజీకి వచ్చి, బండి గుంజుతలేదు, పెట్రోలు బాగా తాగుతున్నది అని చెప్పినప్పుడు, వెంటనే రిమ్యాపింగ్ చేయిద్దామన్న సలహా ఇచ్చేవారు పెరిగారు. సరిగ్గా నడిచిన కారు రాత్రికి రాత్రి పట్టిక మార్చుకోదు. పట్టిక పాతదే, మారినది దానికి అందే సమాచారం. స్కానరులో ట్రిమ్ శాతాలను రెండు చోట్ల చదివితే చాలావరకు దారి దొరుకుతుంది. గాలి బరువును తీగతో కొలిచే కారులో ఐడలింగ్ వద్ద, అంటే యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజిను ఊరికే తిరిగేటప్పుడు, ట్రిమ్ 20 శాతం ఎక్కువ చూపి, 2,500 ఆర్‌పీఎంకు రేసు పెంచగానే ఐదుకు పడిపోతే, సెన్సారు దాటిన తరువాత ఎక్కడో రబ్బరు గొట్టం చిరిగి లెక్కలోకి రాని గాలి దూరుతున్నట్టు. ఐడలింగ్‌లో లోపలికి పోయే గాలే కొద్ది కనుక ఆ చిరుగు వాటా అప్పుడే పెద్దది. దీనికి తలకిందులుగా ఐడలింగ్ బాగుండి, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోలు పంపు బలహీనపడిందనో, ఫిల్టరు పూడిందనో, గాలి కొలిచే తీగ మీద మురికి చేరిందనో అనుకోవాలి. పీడనం చూసి గాలిని ఊహించే కారులో ఇదే చిరుగు వేరే విధంగా కనిపిస్తుంది. దూరిన గాలి కూడా పీడనాన్ని పెంచి లెక్కలో పడుతుంది కాబట్టి ట్రిమ్ పెద్దగా కదలదు, ఐడలింగ్ వేగమే పెరిగి కూర్చుంటుంది. ఆక్సిజన్ సెన్సారుకు ముందు సైలెన్సరు పైపు పగిలితే బయటి గాలి లోపలికి చేరి, పెట్రోలు చాలడం లేదన్న అబద్ధపు సాక్ష్యం పుట్టి, కంప్యూటరు అవసరం లేని పెట్రోలు పోస్తూ పోతుంది. ఇట్లాంటి బండికి పట్టిక దిద్దితే ఒక తప్పును మరొక తప్పుతో కప్పిపెట్టినట్టే అవుతుంది, ఆ తరువాత గొట్టం మార్చిన రోజున బండి మరింత చెడిపోతుంది.

పట్టిక దిద్దవలసిన సందర్భాలు లేకపోలేదు. గొట్టాలు, క్యామ్ షాఫ్ట్, ఇంజెక్టర్లు మార్చినప్పుడు, టర్బో తగిలించినప్పుడు పాత అంకెలకు అర్థం ఉండదు. ఇంజనీరింగ్ విద్యార్థులు కట్టే ఫార్ములా కార్లు దీనికి మంచి ఉదాహరణ. ఆ పోటీల నిబంధన ప్రకారం 710 సీసీ లోపు పెట్రోలు ఇంజినుకు పోయే గాలంతా 20 మిల్లీమీటర్ల వ్యాసం గల ఒకే రంధ్రం గుండా పోవాలి కాబట్టి, మోటారు సైకిలు నుంచి తెచ్చిన ఇంజినుకు కంపెనీ పట్టిక పూర్తిగా పనికిరాకుండా పోతుంది, విద్యార్థులు ఒక్కో గడిని తామే నింపుకోవాలి. అమెరికాకు చెందిన ఇద్దరు ఔత్సాహికులు ప్రారంభించిన మెగాస్క్విర్ట్ వంటి కంప్యూటర్లలో తొలి రోజుల్లో ఆ పట్టిక ఎనిమిది వరుసలు, ఎనిమిది నిలువులతోనే ఉండేది. మన వీధుల్లో మాత్రం ఈ విద్య ఎక్కువగా కనిపించేది గ్యాస్ కిట్టు బిగించే దగ్గర. హైదరాబాదు, విజయవాడలకు సీఎన్‌జీ అందించడానికి భాగ్యనగర్ గ్యాస్ సంస్థ 2003లో ఏర్పడిన తరువాత పెట్రోలు కార్లకు కిట్టు బిగించే పని ఒక వృత్తిగా స్థిరపడింది. సీక్వెన్షియల్ కిట్టులో మరొక చిన్న కంప్యూటరు ఉంటుంది. అది పెట్రోలు ఇంజెక్టరుకు అందవలసిన ఆజ్ఞను దారిలోనే అందుకుని, తన పట్టికలోని గుణకంతో హెచ్చవేసి, గ్యాస్ పీడనానికి, వేడికి తగినట్లు సవరించి గ్యాస్ ఇంజెక్టరును తెరుస్తుంది. ఫిట్టరు ముందుగా పెట్రోలు మీద బండి నడిపి ప్రతి లోడులో ఇంజెక్షన్ సమయాన్ని ల్యాప్‌టాప్‌లో నమోదు చేసుకుని, ఆపైన అదే దారిలో గ్యాస్ మీద నడిపి చూస్తాడు; రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడితే గుణకాలు సరిపోయినట్టు. ఐడలింగ్ దగ్గర ఆటో కాలిబ్రేషన్ బటను నొక్కి బండి అప్పజెప్పేవారి పని ఘాట్ ఎక్కిన రోజున బయటపడుతుంది, గ్యాస్ చాలక వేడెక్కిన వాల్వులు కాలిపోయాక యజమానికి అర్థమవుతుంది.

డీజిలు బండ్ల సంగతి కొంత వేరు. డీజిలు ఇంజినులో గాలిని అదుపు చేసి ఇంధనాన్ని దానికి సరిపెట్టడం ఉండదు, గాలి ఎప్పుడూ మిగులుగానే ఉండి, చిమ్మిన డీజిలే లాగుడును నిర్ణయిస్తుంది. పొగ హద్దు అనే పట్టిక మాత్రం ఉంటుంది. ఉన్న గాలికి ఇంతకు మించి డీజిలు చిమ్మితే నల్లపొగ వస్తుందని చెప్పే హద్దు అది. రిమ్యాపింగ్ పేరుతో బలం పెంచామని చెప్పేవారు చాలావరకు ఈ హద్దును, టర్బో పీడనాన్ని పైకి జరుపుతారు. బండి నిజంగానే లాగుతుంది. గేర్‌బాక్సు, క్లచ్, టర్బో కూడా అంత బరువూ మోయాలి. బీఎస్-6 డీజిలులో మసిని పట్టి ఉంచే ఫిల్టరు తొందరగా పూడుకుంటుంది. పట్టికలకు ఎంత శక్తి ఉన్నదో ప్రపంచమంతటికీ తెలిసింది 2015 సెప్టెంబరులో. పరీక్ష జరుగుతున్నదని కంప్యూటరు గుర్తించినప్పుడు ఒక విధంగా, రోడ్డు మీద మరొక విధంగా నడిచేటట్లు డీజిలు కార్లలో ప్రోగ్రాము రాసినట్లు ఫోక్స్‌వాగన్ ఒప్పుకున్నది, ప్రపంచవ్యాప్తంగా అట్లాంటివి కోటీ పది లక్షలు. మన జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మార్చిలో ఆ సంస్థకు 500 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆపైన సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షను అనుమతి లేని మార్పులకు ఒక్కోదానికి ఐదు వేల రూపాయల జరిమానాను గాని, ఆరు నెలల దాకా జైలును గాని, రెంటినీ గాని విధించే వీలు కల్పించింది. ఆమోదం పొందిన గ్యాస్ కిట్టును అధీకృత కేంద్రంలో బిగించి రిజిస్ట్రేషను పత్రంలో రాయించుకోవడం దీనికి మినహాయింపు. పట్టికలోని అంకెలు కంటికి కనిపించవు గనుక తనిఖీలో దొరకవన్న ధీమా కొందరిలో ఉన్నది, అయితే వారంటీ సమయంలో కంపెనీ స్కానరు ఆ ఫైలును గుర్తుపట్టవచ్చు, పొగ పరీక్షలో ఆ అంకెల ఫలితం బయటపడవచ్చు.

మోటారు పోటీలకో, సొంతంగా కట్టిన బండికో నిజాయితీగా పట్టిక రాసేవారి పని చాలా నెమ్మదిది. ముందుగా వారు పాత ఫైలును దాచిపెట్టుకుంటారు, వైడ్‌బ్యాండ్ అనే మెరుగైన ఆక్సిజన్ సెన్సారును బిగిస్తారు. ఇది పెట్రోలు ఎక్కువా తక్కువా అని కాకుండా ఎంత ఎక్కువో, ఎంత తక్కువో అంకెలో చెబుతుంది. ఆ తరువాత ఒక్కో గడిలో ఇంజినును కొద్దిసేపు నిలకడగా నడిపి, పట్టిక కోరిన నిష్పత్తికీ సెన్సారు చూపినదానికీ ఉన్న తేడా మేరకు శాతాన్ని దిద్దుతారు, 14.7 కోరితే 15.4 వచ్చిందంటే ఆ గడిని ఐదు శాతం పెంచుతారు. రోలర్ల మీద చక్రాలను తిప్పి లోడు ఇచ్చే డైనమోమీటరు ఉంటే ఏ గడినైనా అక్కడే అందుకోవచ్చు. లేకపోతే రోడ్డునే నమ్ముకోవాలి. ఖానాపూర్ నుంచి నిర్మల్ దారిలో నడిమి గడులు నిండుతాయి, మహబూబ్ ఘాట్ ఎక్కుతూ రెండో గేరులో పెద్ద లోడు గడులు నిండుతాయి, దిగేటప్పుడు యాక్సిలరేటరు వదిలితే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి గనుక ఆ గడులకు పని లేదు. నిప్పురవ్వ పట్టికను చివరి పనిగా మిగుల్చుకుంటారు, దాన్ని మే నెల ఎండలోనే చూడాలి. చల్లని రోజున నాకింగ్ లేని అంకె వేడిలో నాకింగ్ తెస్తుంది, నాకింగ్ ఎక్కువసేపు సాగితే పిస్టన్ కిరీటమే చిల్లు పడుతుంది. చలి స్టార్టు అంకెల సంగతి ఇంకా నిదానం. ఇంజిను పూర్తిగా చల్లారాలంటే రాత్రంతా ఆగాలి కాబట్టి రోజుకు ఒక్క ప్రయత్నమే దొరుకుతుంది, అది తప్పితే మరునాటి దాకా వేచి చూడవలసిందే. పది డిగ్రీల లోపు గడులైతే ఎంత తొందరపడినా డిసెంబరు వచ్చేదాకా అంచనాలుగానే మిగిలిపోతాయి.